బందరు గోడల మీద నీటి గీత గీయండి

కృష్ణా జిల్లాలో విపత్తు నిర్వహణ బాధ్యతలు చూస్తున్న అధికారులకు, మచిలీపట్నం నగరపాలక పెద్దలకు, ఈ ఊరి పౌరురాలు ఒకరు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

ఆర్యా,

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుఫాను నరసాపురం వైపు తీరం దాటుతున్న వేళకు మా వీధిలో కరెంటు పోయి చాలాసేపయింది. సాయంత్రమే డ్రమ్ములు నింపుకొని, బియ్యం డబ్బాను మంచం మీదికి ఎక్కించి, ఇంటి కాగితాలను పాలిథిన్ సంచిలో చుట్టి అటక మీద పెట్టి, మా అత్తగారి నాటి హరికేన్ లాంతరు గాజు తుడిచి, వత్తి సరిచేసుకొని కూర్చున్నాము. (హరికేన్ అనే మాట మా ఇళ్లలోకి లాంతరుగానే వచ్చింది. అది అట్లాంటిక్ సముద్రం మీద మన తుఫానుకున్న పేరని నాకు కాలేజీకి వెళ్లాక గానీ తెలియలేదు.) పక్కింటి కోడలు కరీంనగర్ వైపు అమ్మాయి, పెళ్లయి మా ఊరికి వచ్చి మూడేళ్లయింది. పిట్టగోడ అవతలి నుంచి ఆమె నన్నొక ప్రశ్న అడిగింది. "ఆంటీ, సముద్రం ఒక మీటరు లేస్తదని ఫోన్ల చెప్తున్నరు గద, ఆ మీటరు మన ఇంటికాడ ఎక్కడిదాంక వస్తది?"

ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఆటుపోట్లు, అల్పపీడనాలు, ఋతుపవనాల తిరోగమనం అన్నీ నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పాను. ఆ అమ్మాయి ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. "మనదాకా రాదులేమ్మా" అన్నాను. రాలేదు కూడా. అయితే నేను తెలిసి చెప్పిన మాట కాదది, ధైర్యం కోసం చెప్పిన మాట. ధైర్యం కోసం చెప్పిన ఇలాంటి మాటలే ఈ తీరంలో ఎన్ని ప్రాణాలు తీశాయో తెలిసి ఉండీ చెప్పాను కనుక, ఆ రాత్రి నుంచి అది నన్ను తొలుస్తూనే ఉంది. ఈ లేఖ అందుకే రాస్తున్నాను.

ఆ సందేశంలో తప్పేమీ లేదు. శాస్త్రం ప్రకారం అది సరైన మాటే. సాధారణ పోటు మట్టానికి పైన సుమారు ఒక మీటరు ఎత్తున ఉప్పెన వచ్చే అవకాశం ఉందని వాతావరణ నిపుణులు చెబుతారు. కానీ ఆ పోటు మట్టం ఎక్కడ ఉంటుందో గిలకలదిండిలో పడవ కట్టుకునే వాడికి తెలుస్తుంది, కోనేరు సెంటరులో కొట్టు నడిపేవాడికి తెలియదు. సముద్రపు ఒడ్డున లేచిన మీటరు నీళ్లు ఉప్పుటేర్ల వెంట, మురుగుకాలువల వెంట వెనక్కి తన్నుకుంటూ ఊళ్లోకి వచ్చేసరికి ఎక్కడ మోకాలి లోతవుతాయో, ఎక్కడ అరుగు కూడా ఎక్కకుండా ఆగిపోతాయో, ఆ వీధి నేల ఎత్తు తెలిస్తేనే చెప్పగలం. మా ఊరి నేల సముద్ర మట్టానికి కొద్ది అడుగులే ఎత్తు. ఇక్కడ ఒక అడుగు తేడా అంటే పరుపు తడవడానికీ ప్రాణం పోవడానికీ మధ్య ఉన్న తేడా.

అందుచేత నా విన్నపం ఒక్కటే. 1864 నాటి ఉప్పెన, 1977 నాటి ఉప్పెన ఏ ఎత్తున వచ్చాయో లెక్క తేల్చి, ఆ ఎత్తులను మా ఊళ్లోనూ, ఇక్కడి నుంచి దివిసీమ దాకా ఉన్న తీర గ్రామాల్లోనూ బడి గోడల మీద, ఆసుపత్రి గోడల మీద, బస్టాండు స్తంభాల మీద, నీళ్ల ట్యాంకుల కాళ్ల మీద కంటికి ఆనేలా గీతలుగా గీయించండి. సాధారణ పౌర్ణమి పోటు మట్టాన్ని కూడా వాటి పక్కనే చూపించండి. ఆ తర్వాత ఏ తుఫాను హెచ్చరిక వచ్చినా ఆ గీతల భాషలో చెప్పండి.

ఇది చాదస్తంగా తోచవచ్చు. కానీ ఈ ఊరు దేన్ని గుర్తుపెట్టుకుంది, దేన్ని మరిచిపోయింది అన్నది ఒకసారి చూడండి. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు ఇక్కడికి వచ్చారు. వారిని మనవాళ్లు వలందులన్నారు కనుక వలందపాలెం మిగిలింది. పరాసువారు, అంటే ఫ్రెంచివారు, కొన్నాళ్లు ఏలారు కనుక పరాసుపేట మిగిలింది. 1611లో ఇంగ్లీషువారు గిడ్డంగి తెరిచారు, 1759లో ఫ్రెంచివారి చేతిలోని కోటను గెలుచుకున్నారు, ఇంగ్లీషుపాలెం మిగిలింది. వచ్చి పోయిన ప్రతి పరదేశి పేరూ ఈ ఊరి వీధుల్లో ఉంది. అందరికన్నా బలవంతంగా వచ్చి, ఒక్క రాత్రిలో ఊరిని మార్చి వెళ్లిన నీటికి మాత్రం నేను ఎరిగినంతలో ఒక వీధి పేరు గానీ, ఒక రాతి పలక గానీ లేదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఆ ఉప్పెన 13 అడుగుల దాకా లేచిందనీ, ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి దాదాపు 30 వేల మంది చనిపోయారనీ నాటి ప్రభుత్వ లెక్కలు చెబుతాయి. పంచాంగం వెనక్కి లెక్కగట్టి చూస్తే అది దీపావళి అమావాస్య వెళ్లిన రెండో రోజు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుందని, ఆ బలం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా శిఖరానికి చేరుతుందని చేపల వేటకు వెళ్లేవారిని ఎవరిని అడిగినా చెబుతారు. అంటే పోటు నిండుగా ఉన్న రోజుల్లోనే తుఫాను దాని మీదికి ఎక్కి వచ్చింది. మరుసటి సంవత్సరం దొరలు ఇక్కడి సైనిక పటాలాన్ని ఎత్తివేశారు. బందరు కోట వైపు వెళ్లినప్పుడు ఆ శిథిలాలను చూసి కాలం చేసిన పని అనుకుంటాము గానీ, అందులో కాలం వంతు ఎంతో, నీళ్ల వంతు ఎంతో చెప్పే గుర్తు అక్కడ ఏదీ నాకు కనబడలేదు.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటుంది. మా ఊరికి రేవుగా పేరు తెచ్చిన సముద్రమే మా ఊరి రేవును నిలవనీయలేదు. ఇక్కడ సముద్రానికి లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరంలో లంగరు వేసుకుంటే, పలకలను తాళ్లతో కుట్టి చేసిన మసూలా పడవల్లో సరుకు చేరవేసేవారు. ఓడలను దూరంగా ఆపిన ఆ తక్కువ లోతే ఉప్పెనను దగ్గరకు తెస్తుంది. లోతైన సముద్రంలో గాలి నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోగలదు. మెరక అడుగున ఉన్న చోట దానికి ఆ దారి లేదు, కనుక పైకి లేస్తుంది, నేల మీదికి వస్తుంది. దివిసీమకు అటు నిజాంపట్నం దగ్గరా, ఇటు మా ఊరి దగ్గరా తీరం లోపలికి వంగి ఉండడం వల్ల ఆ నీరు పక్కలకు కూడా పోలేదు. పదో తరగతి పిల్లలకు ఇది చెప్పేటప్పుడు నేను ఒక వెడల్పాటి పళ్లెంలోనూ, ఒక లోతైన గిన్నెలోనూ నీళ్లు పోసి విసనకర్రతో విసిరి చూపించేదాన్ని. పళ్లెంలో నీళ్లే ముందు అంచు దాటేవి. ప్రయోగంగా అదంత శాస్త్రీయం కాదేమో గానీ, పిల్లలు మరిచిపోయేవారు కారు.

ఇక 1977. నవంబరు 19, శనివారం. అప్పుడు నేనే పదో తరగతి చదువుతున్నాను. మా ఊళ్లో పడినవి చెట్లు, పెంకులు, కరెంటు స్తంభాలు. దివిసీమలో పోయినవి ఊళ్లు. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి, గుల్లలమోద అనే పేర్లను ఆ తర్వాత నెలల తరబడి రేడియోలో విన్నాము. 5 మీటర్ల మేర లేచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే 10 వేల మంది దాకా చనిపోయారు. ఆ తీరం మనుషులు ఆ లెక్కను ఎన్నడూ ఒప్పుకోలేదు, వలస కూలీలనూ, చంటి పిల్లలనూ ఎవరు లెక్కపెట్టారని అడుగుతారు. ఒక్క సంగతి మాత్రం ఇక్కడ చెప్పి తీరాలి. ఆ రోజు అమావాస్య కాదు, పౌర్ణమి కాదు. కార్తీక శుద్ధంలో అష్టమి దాటిన రోజు, అంటే పోటు బలం తక్కువగా ఉండే రోజులు. అదే తుఫాను మరో ఆరు రోజులు ఆగి కార్తీక పౌర్ణమికి వచ్చి ఉంటే నీళ్లు ఇంకెంత లేచేవో అన్నది నేను ఊహించదలచుకోలేదు. మొంథా వచ్చినది కూడా కార్తీక శుద్ధ సప్తమి నాడే. అంటే మొన్న మనకు తిథి కలిసొచ్చింది. హెచ్చరికల్లో గాలి వేగం చెబుతారు, వాన సెంటీమీటర్లు చెబుతారు. ఆ వేళకు పోటో పాటో, అది ఎన్ని గంటలకు నిండుతుందో కూడా ఒక్క వాక్యంలో చెప్పడం కష్టమైన పని కాదు.

మా పెద్దమ్మను కోడూరు వైపు ఒక ఊరికి ఇచ్చారు. వారిది పెంకుటిల్లు, ఎత్తరుగు. ఆ శనివారం సాయంత్రం నీళ్లు వాకిట్లోకి వచ్చినప్పుడు వాన నీరనుకున్నారట. పెద్దనాన్న చెయ్యి ముంచి నోట్లో పెట్టుకొని చూసి, "ఉప్పగా ఉన్నాయే, అటకెక్కండి" అని అరిచాడు. ఆ ఒక్క మాట వల్ల ఆ ఇంట్లో ఏడుగురిలో ఆరుగురు మిగిలారు. నీళ్లు తీసిన తర్వాత పెద్దనాన్న చేసిన మొదటి పనుల్లో ఒకటి, కొడవలి మొనతో ద్వారబంధం మీద బురద ఆగిన చోట అడ్డంగా ఒక గీత గీయడం. నేను వేసవి సెలవుల్లో వెళ్లినప్పుడు ఆ గీత దగ్గర నిలబడి చూసుకున్నాను. అది నా గడ్డానికి తగిలింది. పెద్దమ్మ ఆ గడప దాటేటప్పుడల్లా, చేతిలో బిందె ఉన్నా, చంకలో పిల్ల ఉన్నా, ఒకసారి ఆ గీత వైపు చూసేది. చూస్తున్నట్టు ఆమెకే తెలిసేది కాదనుకుంటాను.

1990 మే నెలలో మళ్లీ పెద్ద తుఫాను ఈ కృష్ణా మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) మీదికే వచ్చింది. దండోరా వేసినప్పుడు ఆ వీధిలో కొందరు "మేము కదలం" అన్నారు. మా పెద్దనాన్న వారిని తన ఇంటికి పిలిచి, ద్వారబంధం చూపించి, "ఇంతెత్తున ఎవరు ఈదగలరో వాళ్లు ఉండండి" అన్నాడట. అందరూ వెళ్లారు. ఆ ఏడు తీరం పొడవునా లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. గాలి తీవ్రతలో 1977కు ఏమంత తీసిపోని తుఫానులో మరణాలు వెయ్యికి లోపే ఆగాయి. ఆ ఘనత నాటి యంత్రాంగానిది. ఒక వీధి వరకు మాత్రం అందులో కొడవలి గీతకు కూడా కాస్త వాటా ఉందని నేను నమ్ముతాను.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మనవళ్లు పడగొట్టి డాబా కట్టుకున్నారు, మంచిదే, డాబా ప్రాణం కాపాడుతుంది. కొత్త ద్వారబంధం టేకుది, నునుపుగా వార్నిష్ వేసి ఉంది. మొన్న అక్టోబరులో ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగితే, "ఏముంది పిన్నీ, కింద గదిలోనే ఉన్నాం, గాలి బాగా ఉంది" అన్నాడు మా అక్క కొడుకు. 1977లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలుసా అని అడిగాను. "చాలా వచ్చాయంట కదా" అన్నాడు. యాభై ఏళ్లు నిండకుండానే గడ్డం ఎత్తు నీళ్లు 'చాలా' అనే మాటగా మారిపోయాయి.

ఆర్యా, మనం ప్రజలకు చెబుతున్న భాష గురించి కూడా రెండు మాటలు మనవి చేయాలి. తుఫాను వస్తున్నదంటే మా ఊళ్లో మొదట వినబడేది నంబరు. మూడో నంబరు ఎగరేశారు, ఏడుకు పెంచారు, పదో నంబరు వేశారు. ఈ సంకేతాలు ఓడల కోసం పుట్టినవి. రేవులో ఉండాలా, సముద్రంలోకి పోవాలా అని ఓడ నడిపేవారు తేల్చుకోవడానికి రేవు స్తంభం మీద ఎగరేసేవి. పది అంటే మహా ప్రమాదం అని అందరికీ తెలుసు గానీ, పదో నంబరు ఎగిరిన నాడు ఫలానా వీధివారు ఏమి చేయాలో ఆ నంబరులో లేదు. పెద్ద ఓడ ఒక్కటి కూడా రాని కాలంలో సైతం ఓడల భాషలోనే భయపడ్డ ఊరు మాది. కొత్త ఓడరేవు పని జరుగుతున్నది కనుక ఓడలు మళ్లీ రావచ్చు, ఆ నంబర్లు వాటికి పనికివస్తాయి. మనుషులకు మనుషుల కొలత కావాలి.

దీనికి తోడు తుఫాను ఎక్కడ తీరం దాటుతుందన్న మాటను మావాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు. దూరం ఒక్కటే చూస్తారు. మన వైపు తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అది సముద్రం నుంచి పడమరగా వచ్చినప్పుడు తుఫాను కంటికి, అంటే దాని నడిమధ్యకు, ఉత్తరాన ఉన్న తీరం మీదికి గాలి నీటిని నెట్టుకొస్తుంది, దక్షిణాన ఉన్న తీరం నుంచి నీటిని సముద్రంలోకి లాగుతుంది. నరసాపురం దగ్గర దాటితే మాకు గాలీ వానా ఉంటాయి గానీ ఉప్పెన భయం తగ్గుతుంది. బాపట్ల, నిజాంపట్నం వైపు దాటుతుందంటే, "అమ్మయ్య, మనకు దూరం" అనుకునే రోజే నిజానికి మేము భయపడవలసిన రోజు. 1977లో జరిగింది అదే. తుఫానులను కనిపెట్టే డాప్లర్ రాడార్ మా ఊళ్లోనే ఉంది, తీరమంతటి కోసం చూస్తుంటుంది, ఉప్పెన అంచనాలు కట్టే శాస్త్రజ్ఞులు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రంలో ఉన్నారు. చూసే కన్ను ఇంత దగ్గర ఉండగా చూసినదాన్ని వీధి భాషలోకి మార్చేవారే కరువయ్యారు.

2013 నవంబరు సంగతి మీ రికార్డుల్లో ఉంటుంది. 22వ తేదీన హెలెన్ తుఫాను మా ఊరికి దగ్గరగా దాటింది. వారం తిరగకముందే లెహర్ మీద పడుతోందన్నారు. మళ్లీ బియ్యం మూటలు, మళ్లీ పిల్లలు, మళ్లీ బడి వరండాలు. లెహర్ సముద్రంలోనే బలం కోల్పోయి వాయుగుండంగా వచ్చి దాటింది. అది అదృష్టం. కానీ ఇళ్లకు తిరిగి వచ్చినవారు దాన్ని అదృష్టం అనలేదు, "ఊరికే తిప్పారు" అన్నారు. ఆ సమయంలో ఒక తీర గ్రామానికి బియ్యం, దుప్పట్లు తీసుకొని వెళ్లినవారిలో నేనూ ఉన్నాను. ఆ ఊరి పేరు రాయను. అక్కడి తుఫాను భవనానికి తాళం వేసి ఉంది, తాళం చెవి ఉన్న మనిషి పెళ్లికి వెళ్లాడు, చివరకు కమ్మీ పెట్టి తాళం పగలగొట్టారు. లోపల సగం గదిలో ఎరువుల బస్తాలు. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, ఏళ్ల తరబడి నీళ్లు రాకపోతే ఏ ఊరైనా అంతే. గోడ మీద గీత రోజూ కనిపిస్తుంటే మాత్రం ఆ ఎత్తు కింద ఉన్న గదిలో ఎరువులు ఉండాలా, మనుషులు ఉండాలా అన్న ఆలోచన పెళ్లికి వెళ్లేవాడికైనా ఒకసారి వస్తుంది.

గీత వల్ల ప్రాణరక్షణ ఒక్కటే కాదు. చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసేవారి ఇళ్లలో పనిముట్లు, రసాయనాల సీసాలు నేల మీదే ఉంటాయి. పెడనలో అద్దకం వేసిన కలంకారీ బట్టల తానులు, చెక్క అచ్చులు గదుల్లో కింద నుంచి పేర్చి ఉంటాయి. పోటు గీత ఎక్కడిదో తెలిస్తే అలమరలో ఏ అర దాకా ఖాళీ చేయాలో తెలుస్తుంది. ఇంజనీర్లకు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎంత ఎత్తున కట్టాలో, ఆసుపత్రివారికి జనరేటరు ఎక్కడ పెట్టాలో, మునసబు కోర్టు గుమాస్తాకు పాత కట్టలు ఏ అరలో దాచాలో తెలుస్తుంది. కోసి పనల మీద వేసిన వరిని మాత్రం ఏ గీతా కాపాడదు. అది వేరే గోడు, వేరే లేఖకు తగినది.

మా తమ్ముడి కూతురు హ్యూస్టన్‌లో ఉంటుంది. అక్కడికి దగ్గరలోని గాల్వెస్టన్ అనే దీవి పట్టణానికి వెళ్లినప్పుడు ఒక ఫొటో పంపింది. పాత ఇటుక భవనం గోడ మీద, మనిషి తలకు పైన, ఒక చిన్న పలక. 2008 సెప్టెంబరు 13న ఐక్ హరికేన్ నాడు నీరు ఈ గీత దాకా వచ్చిందని దాని మీద రాసి ఉంది. ఆ పలక కింద మా పిల్ల చెయ్యెత్తి నిలబడింది, చెయ్యి అందలేదు. ఆ ఊరిని 1900 సెప్టెంబరు 8న వచ్చిన హరికేన్ తుడిచిపెట్టింది. కనీసం 6 వేల మంది పోయారు. తర్వాత వారు సముద్రానికి అడ్డంగా 17 అడుగుల గోడ కట్టి, ఊరి నేలనే మట్టి పోసి ఎత్తు పెంచారు. మనం ఊరిని పైకెత్తలేము, అంత డబ్బు అడగడం కూడా న్యాయం కాదు. అంత చేసినవారు కూడా గోడకు పలక అతికించడం మానలేదన్నది నాకు పట్టుకుంది. దుకాణాలూ హోటళ్లూ ఉన్న వీధిలోనే, వచ్చేపోయే యాత్రికులు చూస్తుండగానే అతికించారు.

దీనికి అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఊళ్లో కొందరితో మాట్లాడినప్పుడు విన్నవే రాస్తున్నాను. మొదటిది, స్థలాల ధరలు పడిపోతాయని. నా ఇల్లు కూడా ఇక్కడే ఉంది కనుక ఈ మాట అనే హక్కు నాకుంది. ఆ ధర పడితే పడనివ్వండి, నీళ్లు వచ్చిన చోటును రాని చోటుగా చెప్పి అమ్మడం కన్నా అది నయం. పైగా గీత ఉన్న చోట కొనేవాడు అరుగు ఎత్తు పెంచి కట్టుకుంటాడు. రెండవది, జనం బెదిరిపోతారని. బెదురు తెలియనప్పుడు పుడుతుంది. వేటకు వెళ్లేవారికి సముద్రం గురించి అందరికన్నా ఎక్కువ తెలుసు, అందరికన్నా తక్కువ బెదురుతారు, అయినా అందరికన్నా ముందు పడవలు ఒడ్డుకు లాగుతారు. మూడవది, 1864 నాటి ఎత్తు ఇప్పుడు కచ్చితంగా ఎలా తెలుస్తుందని. ఇది సరైన ప్రశ్న. పాత రికార్డుల్లోని అడుగులు ఏ మట్టం నుంచి కొలిచినవో చూడాలి, రోడ్లు వేసి వేసి ఊరి నేల కూడా కొంత లేచింది. దానికి సర్వే శాఖ మట్టపు గుర్తులున్నాయి, లెవెల్ యంత్రం పట్టే కుర్రవాళ్లు ప్రతి ఇంజనీరింగు కాలేజీలోనూ ఉన్నారు. అరడుగు అటూ ఇటూ అయినా పరవాలేదు, 'సుమారు' అని రాయండి.

1977 ఎత్తులకు అంత శోధన అక్కరలేదు. కళ్లతో చూసినవారు ఇంకా ఉన్నారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఏ ఊరికి వెళ్లినా డెబ్బై దాటిన ఒక ముసలమ్మ లేచి నిలబడి, చెయ్యి గోడకు ఆనించి "ఇక్కడిదాకా" అని చూపిస్తుంది. ఆ చెయ్యి ఆనిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకొని, నాలుగైదు ఇళ్ల గుర్తులు సరిపోల్చుకుంటే చాలు. కానీ ఆ చేతులు ఇక ఎన్నో ఏళ్లు ఉండవు. మా పెద్దమ్మ 2019లో పోయింది. నేను టీచరునై ఉండి కూడా, ఆమె చేత ఆ కొత్త డాబా గోడ మీద చెయ్యి పెట్టించి గుర్తు వేయించాలన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

రంగు విషయం ఒకటి చిన్నదే అయినా రాయనివ్వండి. మామూలు రంగు వేస్తే ఇక్కడి ఉప్పుగాలికి రెండు వానాకాలాలు కూడా నిలవదు, ఎన్నికలొస్తే ఏదో ఒక పార్టీ సున్నం కింద పోతుంది. గ్రానైటు పలక మీద గీత చెక్కించి గోడలో పొదిగితే తరాల పాటు ఉంటుంది. పలక మీద తేదీ, తిథి, ఎత్తు ఉంటే చాలు. ప్రారంభించినవారి పేర్లు అక్కరలేదు, స్థలం తక్కువ. ఆ వీధివారు ఏ భవనానికి వెళ్లాలో, దాని తాళం చెవి ఏ ఇద్దరి దగ్గర ఉంటుందో దాని కిందే రంగుతో రాయవచ్చు. ఆ మనుషులు మారుతుంటారు కనుక అది మాత్రం రంగే మేలు.

మన బంగాళాఖాతానికి తుఫానుల కాలాలు రెండు. వేసవి చివరి కాలంలో ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా 61 రోజులు వేట నిషేధం కనుక చాలా పడవలు ఒడ్డునే ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే కాలమే మాకు గండం, అందులోనూ నవంబరు. కనుక ఈ పని వచ్చే దసరా లోపు మొదలైతే మేలు. అన్ని ఊళ్లలో ఒకేసారి కాకపోయినా, బందరులో పది చోట్ల, దివిసీమలో పది చోట్ల వేసి చూడండి. హెచ్చరిక సందేశం రాసేవారు ఒక్కసారి "ఈ రాత్రి నీరు మొదటి గీతను దాటవచ్చు, రెండవ గీతను చేరదు" అని రాసి చూడండి. మా పక్కింటి అమ్మాయి మళ్లీ గోడ మీదుగా నన్ను అడగనక్కరలేదు.

మా ఇంటి ప్రహరీ గోడ వీధి మలుపులో ఉంది, బడికి వెళ్లే పిల్లలందరూ దాని పక్క నుంచే నడుస్తారు. మొదటి పలకను దాని మీద పెట్టుకోవచ్చు. అందుకు నా సమ్మతి ఈ లేఖే అనుకోండి. కొలత తీయడానికి ఏ రోజు వచ్చినా నేను ఇంట్లోనే ఉంటాను.

నమస్కారాలతో,

ఇట్లు,
మచిలీపట్నం నుంచి
భూగోళ శాస్త్ర విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు